రెండుంబావు టైరు, చిటికెన వేలు

బీరన్న గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా రాసేవాణ్ణి కాదు. నలభై ఏళ్లలో నా దుకాణంలో ఒక్క కొత్త టైరు కొనని మనిషి కోసం కాగితం ఖరాబు చేసుకోవడానికి నాకేం పిచ్చా అనేవాణ్ణి. కానీ నిరుడు పునర్వసు కార్తెలో జరిగినదాన్ని తాండూరంతా ఒక తీరుగా చెప్పుకుంటోంది, నిజం ఇంకో తీరుగా ఉంది. ఆ నిజం తెలిసినవాళ్లం నలుగురమే. మిగతా ముగ్గురూ ఎవరికీ చెప్పరు. చెప్పకుండా నా ముఖం చూసి నవ్వుతారు. ఆ నవ్వు భరించడం కంటే నేనే చెప్పేసుకోవడం నయమనిపించింది.

నా పేరు అంజిలయ్య. తాండూరు బస్టాండు వెనక సందులో సైకిల్ దుకాణం నాది. మా నాయన రేకుల కొట్టంలో పెట్టిన దుకాణానికి పచ్చరంగు బోర్డు తగిలించి, దాని మీద నా పేరు పెద్దక్షరాలతో రాయించింది నేను. పదో తరగతిలో తెలుగులో క్లాసుకంతా నాకే ఎక్కువ మార్కులు, అందుకని ఆ బోర్డులో ఒక్క అక్షరదోషం లేదు. సైకిల్ గురించి నాకు తెలియనిది లేదని నేననుకుంటాను. మా ఆవిడ కూడా అదే మాట అంటుంది గానీ, ఆమె అనే తీరు వేరు.

బీరన్నకు అరవై రెండో, అరవై మూడో. పుట్టిన సంవత్సరం అడిగితే పెద్ద కరువు పోయిన రెండో ఏడు అంటాడు, ఏ కరువని అడిగితే నువ్వు పుట్టని కరువంటాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. భుజం మీది గొంగడి ఎండాకాలంలో కూడా దిగదు. కొడంగల్ రోడ్డు మీద కొంత దూరం పోయి, కుడివైపు మట్టిబాటలో రెండు కిలోమీటర్లు లోపలికి పోతే ఆయన ఊరు. తాతల నాటి నుంచి గొర్రెల కాపరులు. ఇప్పుడు నూట ఇరవై గొర్రెలు, రెండెకరాల కందిచేను, ఎంకమ్మ అనే భార్య, సింధుజ అనే బిడ్డ, ఒక పొట్టేలు. పొట్టేలును మందలో కలిపి చెప్పొచ్చు గానీ, దాని సంగతి వేరు. దానికి తలుపు కనబడితే ఢీకొట్టాలి. ఇంటి తలుపు ఇప్పటికి రెండుసార్లు మార్చారు.

ఆయన సైకిలు ఇరవై ఎనిమిది ఇంచుల పాత నల్ల సైకిలు. బెల్లు లేదు, బ్రేకులు ఉన్నాయని ఆయన అంటాడు. వెనక కట్టిన గోనెసంచిలో అప్పుడే ఈనిన గొర్రెపిల్ల ఒకటి తల బయట పెట్టి లోకాన్ని చూస్తూ పోతుంటుంది. మంద ముందు, సైకిలు వెనక. ఆ సైకిలు నల్లరేగడిలో, ఎర్రనేలలో, గుట్టరాళ్లలో తిరిగినంత మా ఊళ్లో జీపులు కూడా తిరగలేదు.

నలభై ఏళ్లుగా ఆయన నా దుకాణం ముందు ఆగేది గాలి కోసం. పంక్చరైతే చేనుగట్టు మీద కూర్చుని, రెండు పాత చెంచాలతో టైరు ఊడదీసి తానే అతికించుకుంటాడు. గాలికి నేను పైసలు తీసుకోను, అది మా నాయన పెట్టిన ఆనవాయితీ. పుక్కట్లో గాలి కొట్టించుకుని మెదలకుండా పోతాడా అంటే పోడు. తాండూరు గాలిలో నాపరాళ్ల పాలిష్ దుమ్ము కలిసి ఉంటుందనీ, అందుకే టైరు బరువెక్కుతుందనీ నలుగురి ముందూ అంటాడు. వికారాబాద్ కా హవా, లాఖోం మరీజోం కా దవా, అంటే వికారాబాద్ గాలి లక్షల మంది రోగులకు మందు అని పాతకాలం వాళ్లు ఊరికే అనలేదనీ, అనంతగిరి కింద గాలి కొట్టిస్తే టైరుకు దగ్గు రాదనీ అంటాడు. ఆ మాట నిజమని నమ్మి ఒక బడిపంతులు ఆదివారం పూట రైల్లో సైకిలు వేసుకుని వికారాబాద్ పోయి గాలి కొట్టించుకుని వచ్చాడు. ఆ పంతులు లెక్కలు చెప్తాడు.

ఇంకో అలవాటు ఉంది. సంతలో గొర్రెను కొనేవాళ్లు దాని ముఖం చూడరు. నడుం మీద వెన్నెముకకు అటొక వేలు, ఇటొక వేలు ఆనించి ఒత్తుతారు. ఎముక తగిలితే బక్కది, తగలకపోతే కండ పట్టింది. బీరన్న నా దుకాణం ముందు నిలబెట్టిన ప్రతి సైకిల్ టైరునూ అట్లాగే ఒత్తి చూసి, దీనికి మేత చాలలేదనో, దీనికి కడుపు ఉబ్బిందనో అంటాడు. ఆయన పోయాక నేను గాలి మీటరు పెట్టి చూసేవాణ్ణి. మేత చాలలేదన్నదానికి గాలి తక్కువే ఉండేది. నేను మీటరు కొన్నది ఎవరికోసం అని చాలాసార్లు అనిపించింది.

ఇక సింధుజ. వికారాబాద్‌లో డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో ఒక ఫోన్ల షోరూంలో రెండేళ్లు చేసింది. పొద్దంతా నిలబడి, వచ్చినవాళ్లకు నవ్వుతూ ఫోన్లు చూపించాలి. ఒక పండక్కి వచ్చి, తిరిగి పోనంది. ఎవరో అమ్ముతుంటే గేర్ల సైకిలు ఒకటి కొనుక్కుంది. రోడ్డు లేని చోట్ల, వెనక సామాను కట్టుకుని దూరాలు పోవడానికి చేసిన సైకిలు అది. దాని మీద మంద దగ్గరున్న తండ్రికి సద్ది మోస్తూ, మోస్తూ, ఈ చుట్టుపక్కల మట్టిబాటలన్నీ తిరిగింది. ఆమె వెనక మాటలు పుట్టాయి గానీ ఎక్కువ దూరం రాలేదు, సైకిలు వాటికంటే వేగంగా పోతుంది.

నిరుడు హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వచ్చింది. పట్నం మనుషులను శని, ఆదివారాలు సైకిళ్ల మీద పల్లెబాటల్లో తిప్పడం వాళ్ల పని. మా వైపు బాటలు తెలిసిన మనిషి ఒక్కరు కావాలన్నారు. నెల జీతం, ఇంట్లో ఉండే పని. ఆరుగురు పేర్లిచ్చారు, అందులో సింధుజ ఒకతి. పరీక్ష ఏమిటంటే, ఆదివారం పొద్దున ఆరింటికి వికారాబాద్‌లో బయల్దేరి కుల్కచర్ల, బొంరాస్‌పేట, కొడంగల్ పక్కలనుంచి మట్టిబాటల్లోనే వచ్చి, పొద్దు గూకకముందు తాండూరు చౌరస్తా చేరాలి. వెనక పద్దెనిమిది కిలోల సామాను. దారిలో ఎవరి సాయం తీసుకున్నా పేరు కొట్టేస్తారు. ఈ పని దొరక్కపోతే సింధుజ మళ్లీ షోరూముకు పోవలసిందే, వాళ్లు రమ్మని రెండుసార్లు ఫోన్ చేశారు కూడా.

బీరన్న ఎప్పుడూ వేళాకోళంగా మాట్లాడే మనిషి. ఆ వారం ఒక్కసారి మాత్రం, చంద్రవ్వ చాయ్ హోటల్ దగ్గర, గ్లాసు చేతిలో పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు.

"బిడ్డ పట్నంల ఉన్నప్పుడు మందను లెక్కవెడితే ఎప్పుడూ ఒకటి తక్కువొస్తుండె. మళ్ల లెక్కవెడితే సరిగనే ఉండె."

అప్పుడు నేను చాయ్ తాగడం ఆపి ఆయన వైపు చూశాను. ఈ పిల్లను గెలిపించాలని నాకు ఆ క్షణంలోనే పట్టుదల పుట్టింది. అంతవరకు బాగానే ఉంది. ఆ పట్టుదలకు నా పొగరు తోడైంది, అక్కడ చెడింది.

టైరు ఎంత వెడల్పుండాలి అన్నది ఆ వారం మా సందులో పెద్ద రగడ. సింధుజ సైకిలుకు ఉన్నవి ఇంచుముప్పావు టైర్లు. వాటితో ఏడాదిగా తిరుగుతోంది, అరగలేదు కూడా. నేను అవి పనికి రావన్నాను. రెండుంబావు ఎక్కించాలన్నాను. ఫోనులో దేశదేశాలవాళ్ల వీడియోలు చూసి ఉన్నాను కదా, వివరంగా చెప్పాను. సన్నటైరులో గాలి గట్టిగా కొట్టాలి, తారురోడ్డు మీద అది సర్రున పోతుంది గానీ గుట్టరాళ్ల మీద చేతులు అదిరిపోతాయి, రాయికీ రిమ్ముకీ నడుమ ట్యూబు నలిగి పగులుతుంది. వెడల్పుటైరులో గాలి తక్కువ పెట్టుకోవచ్చు, అది రాయిని మింగి పోతుంది, ఇసుకలో దిగబడదు. అంతా నిజమే, ఇప్పటికీ నిజమే. అక్కడితో ఆగితే పోయేది. కొడంగల్ దాటాక నల్లరేగడి వస్తుంది కదా అని ఎవరో అంటే, రేగడిలోనూ వెడల్పే గెలుస్తుంది, ఒంటె పాదం చూడండి అన్నాను. చంద్రవ్వ చాయ్ వడబోస్తూ తల ఎత్తకుండానే, ఒంటె ఎన్నడన్నా మన రేగట్ల నడిచిందా అని అడిగింది. నలుగురూ నవ్వారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఇంచున్నర చాలనే పార్టీ ఒకటి లేచింది. చంద్రవ్వ దానికి నాయకురాలు. సన్నచక్రం బురదను కోసుకుని కింద గట్టినేలను పట్టుకుంటుందని ఆమె వాదన. ఆమె పెనిమిటి ముప్పై ఏళ్లు రిక్షా తొక్కాడు. ఆ రెండు రోజులు అమ్ముడుపోయినంత చాయ్ ఎన్నడూ పోలేదు. సింధుజ ఇద్దరి మాటా విని, నాకు ఇంచుముప్పావు అలవాటైంది కాకా, దాంతోనే పోతా అంది. నేను ఊరుకోలేదు. హైదరాబాద్ నుంచి రెండుంబావు టైర్ల జత తెప్పించాను. నాకు పైసలొద్దు, పేరు చాలు అన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి కాదనలేకపోయింది.

శుక్రవారం ఎక్కించాను. ఆ సైకిలు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే కవ, రెండించుల టైరు వరకే పట్టేట్టు చేసింది. అంతకంటే వెడల్పు పట్టించడం మామూలు మెకానిక్ వల్ల కాదు. నేను గాలి తీసి, బ్రేకుల నడుమ నుంచి టైరును పక్కకు వంచి దూర్చి, మళ్లీ గాలి కొట్టి నిలబెట్టాను. చక్రం తిప్పితే ఎక్కడా రాసుకోలేదు. టైరుకూ ఫోర్కు కాళ్లకూ నడుమ ఒక అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది. అగ్గిపుల్ల పెట్టి చూపించాను కూడా. చూసినవాళ్లు శభాష్ అన్నారు.

బీరన్న వచ్చాడు. టైరును ఒత్తి చూశాడు. వంగి, ఫోర్కు దగ్గర ఆ సందులో చిటికెన వేలు పెట్టాలని చూశాడు. దూరలేదు. వెనక చక్రం దగ్గర కూడా చూశాడు. అక్కడా దూరలేదు. ఆయన ఏదో వెతుకుతున్నాడనుకుని, ఏంది బీరన్నా, పిడుదులు చూస్తున్నావా అన్నాను. గొర్రెల ఒంట్లో కాళ్ల సందుల్లో రక్తం తాగే పురుగులవి. అందరూ నవ్వారు, బీరన్న కూడా నవ్వాడు. నవ్వి, ఊడదీసిన పాత టైర్లు ఏం చేస్తావన్నాడు. పారేస్తానన్నాను. పొట్టేలు తలుపును బతకనిస్తలేదు, టైరు అడ్డం కట్టుకుంట, ఇయ్యి అన్నాడు. నలభై ఏళ్లలో నా దుకాణం నుంచి ఆయన తీసుకుపోయిన టైర్లు అవే. అవి కూడా పాతవీ, పుక్కటివీ అని నేను వెనకనుంచి వినబడేట్టు అన్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. చంద్రవ్వ మళ్లీ ఒంటె సంగతి ఎత్తింది. నాకు తిక్క లేచింది. సందులో నలుగురినీ సాక్షి పెట్టి, రెండుంబావు టైర్ల మీద సింధుజ పొద్దు గూకకముందు చౌరస్తాకు రాకపోతే నా దుకాణం బోర్డు దించేస్తాను, మళ్లీ ఎక్కించను అన్నాను. మా ఆవిడ ఆ మాట విని, మంచిదే, ఇంటి చూరు కారుతోంది, కప్పడానికి ఆ బోర్డు రేకు పనికొస్తుంది అంది.

ఆదివారం మధ్యాహ్నం దాకా మంచి ఎండ. మూడు రోజులుగా చినుకు లేదు. చౌరస్తాలో కంపెనీ మనిషి కార్తీక్ అనే కుర్రవాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. రెండున్నరకు కార్తీక్ ఫోనుకు కబురొచ్చింది. బొంరాస్‌పేట దగ్గర దబదబా వాన, కొడంగల్ వైపు వస్తోంది. మూడింటికి తాండూరులోనూ మొదలైంది. గంటసేపు కొట్టి వెలిసింది. నల్లరేగడికి గంట వాన చాలు.

నాలుగున్నరకు ట్రాలీ ఆటోలో మొదటి సైకిలు వచ్చింది. దాని మీద రావలసిన మనిషి, వికారాబాద్ యువకుడు మల్లికార్జున్, సైకిలు పక్కన బురదబొమ్మలాగ కూర్చుని ఉన్నాడు. కొడంగల్ దాటిన ఆరో కిలోమీటరులో చక్రాలు బిగుసుకుపోయాయట. పీకినకొద్దీ పట్టుకుందట. నేను దగ్గరికి పోయి చూశాను. రెండుంబావు టైరు. టైరుకూ ఫోర్కుకూ నడుమ రేగడిమట్టి, గడ్డి, చిన్నరాళ్లు కలిసి, గోడకు మెత్తినట్టు మెత్తుకుని ఉంది. చక్రాన్ని తిప్పబోతే కదల్లేదు. ఆ సైకిలుకు ఉన్న సందు నేను సింధుజ సైకిలుకు పెట్టిన సందు కంటే ఎక్కువే.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఐదు గంటలకు ఇంకో సైకిలు ట్రాక్టరు మీద వచ్చింది. ఇంకిద్దరు దారిలోనే వదిలేశారని ఫోను. చంద్రవ్వ నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టి పైసలొద్దంది, అదింకా బాధ. నిజం చెప్తున్నాను, అప్పుడు నా బోర్డు సంగతి మరిచిపోయాను. ఆ పిల్ల ఇప్పుడు ఏ కందిచేను పక్కన బిగుసుకున్న చక్రాన్ని పట్టుకుని ఏడుస్తూ నిలబడి ఉందో అనుకున్నాను. ఆమె వద్దన్న టైరును నేను బలవంతంగా ఎక్కించాను. రేపు ఆమె షోరూముకు పోతే ఆ బస్సు టికెట్టు నేను కొన్నట్టే.

బీరన్న కల్వర్టు మీద గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. ఎవరికీ వినబడకుండా ఆయనతో తప్పు ఒప్పుకున్నాను. సందు తక్కువ పెట్టిన బీరన్నా, పొగరుతో పెట్టిన, మట్టి పోవడానికి తావు లేదు అన్నాను. బీరన్న తల ఎత్తి పొద్దు ఎంతుందో చూశాడు. తర్వాత నా వీపు మీద చెయ్యి వేసి, గొర్రె నడుం ఒత్తినట్టు ఒత్తాడు.

"జర బక్కగైనవ్ అంజిలయ్య. ఫికర్ చెయ్యకు. ఒస్తది."

ఆ మనిషి నిబ్బరం చూసి నాకు ఇంకా దుఃఖం వచ్చింది. బిడ్డ మీద ఎంత నమ్మకం అనుకున్నాను.

ఆరుంబావుకు కొడంగల్ వైపు మట్టిబాట మలుపులో ఒక నల్లటి ఆకారం కనబడింది. ముందు బర్రె అనుకున్నాను. బర్రె సైకిలు తొక్కదు. సింధుజ. నెత్తి నుంచి పాదం దాకా రేగడి, కళ్లు మాత్రం తెల్లగా. సైకిలు ఏ రంగో తెలియడం లేదు. కానీ చక్రాలు తిరుగుతున్నాయి. హ్యాండిలుకు కట్టిన చిన్న కర్ర ఒకటి ఊగుతోంది. వచ్చి కార్తీక్ ముందు ఆగి, కాలు కింద పెట్టి, మంచినీళ్లు అడిగింది. పొద్దు ఇంకా జానెడు మిగిలి ఉంది. ఆరుగురిలో తొక్కుకుంటూ వచ్చింది ఆమె ఒక్కతే. ఇంకొకాయన చీకటి పడేవేళకు సైకిలు మోసుకుంటూ వచ్చాడు.

నాకు కన్నీళ్లు వచ్చాయి, అది దాచను. ఆ తర్వాత జరిగింది మాత్రం దాచగలిగితే బాగుండు. ఏ టైర్లు వాడారు అని కార్తీక్ సింధుజను అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే బీరన్న నన్ను రెక్క పట్టుకుని ముందుకు లాగాడు. గాయన్ననే అడుగు సార్, అంతా ఆయనదే అన్నాడు. భుజం మీది తువ్వాల తీసి నా మెడలో వేశాడు. ఇంకేముంది, నేను అందుకున్నాను. ఒంటె పాదం నుంచి మొదలుపెట్టాను. అగ్గిపుల్ల సందు కూడా లెక్క ప్రకారమే పెట్టానని, సందు తక్కువైతే మట్టికి చొరబడే తావుండదని అన్నాను. గంట కింద కల్వర్టు మీద ఏం చెప్పానో ఆ నోటికి గుర్తు లేదు. బీరన్న తల ఊపుతూ విన్నాడు. నడుమ నడుమ, ఎంత ఎడల్పంటివి, ఎనక ఉన్నోళ్లకు ఇనొస్తలేదు అన్నాడు. రెండుంబావు అని నేను గట్టిగా చెప్పాను. చంద్రవ్వకు కూడా జర చెప్పమన్నాడు. ఆమె వైపు తిరిగి మళ్లీ చెప్పాను. మొత్తం నాలుగుసార్లు చెప్పించాడు. సింధుజ ముఖం మీద ఇంత మందం బురద ఉంది కాబట్టి ఆమె నవ్వుతున్నదో లేదో నాకు తెలియలేదు.

సైకిలు ఆ పూట నా దుకాణంలోనే ఉంచమన్నాను. అంత పేరు తెచ్చిన సైకిలును నా చేతులతో కడగాలని నా ఉబలాటం.

పొద్దున్నే బకెట్టు, చెంబు పట్టుకుని కూర్చున్నాను. ఒక చెంబు పోస్తే కొంత మట్టి జారింది. ఇంకో చెంబు పోశాను. టైరు బయటపడుతున్నకొద్దీ నాకు ఏదో తేడాగా అనిపించింది. రెండుంబావు టైరు ఇంత సన్నగా ఉండదే. కొత్త బట్ట నీళ్లలో కుంచించుకుపోయినట్టు టైరు కూడా రేగడిలో కుంచించుకుపోతుందా అని, నలభై ఏళ్ల మెకానిక్‌ను, ఒక నిమిషం నిజంగా ఆలోచించాను. టైరు పక్కన అంకెల మీద బొటనవేలితో రుద్దాను. ఇంచుముప్పావు. ఆ అంకెల పక్కన చిన్న గాటు. శుక్రవారం నా చేత్తో ఊడదీస్తుంటే పడ్డ గాటు అది. ఫోర్కు దగ్గర సందులో చిటికెన వేలు పెట్టి చూశాను. ఏ అడ్డూ లేకుండా దూరింది.

మోపెడ్ తీసుకుని బీరన్న ఊరికి పోయాను. దారిపొడుగునా తిట్లు కూర్చుకుంటూ పోయాను, మంచి మంచి తిట్లు. ఇంటి ముందుకు పోయేసరికి ధన్, ధన్ అని చప్పుడు. తలుపుకు నా రెండుంబావు టైరు కట్టి ఉంది. పొట్టేలు నాలుగడుగులు వెనక్కి పోయి, పరుగున వచ్చి దాన్ని కొడుతోంది. టైరు దాన్ని మెత్తగా వెనక్కి నెడుతోంది. పొట్టేలు ముఖంలో అంత ఆనందం నేనెన్నడూ చూడలేదు. రెండో టైరు గోడకు మేకు కొట్టి, దుమ్ము పడకుండా సంచి కప్పి తగిలించి ఉంది. ఎంకమ్మ నన్ను చూసి, తలుపు మంచిగుంటుందయ్యా, సల్లగుండు అని దీవించి మంచినీళ్లిచ్చింది. కూర్చుకున్న తిట్లలో సగం అక్కడే పోయాయి.

సింధుజ లోపలినుంచి వచ్చి నిజం చెప్పింది. శనివారం సాయంత్రం మంద ఇంటికొచ్చాక తండ్రి ఒక గొర్రెను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి దాని గిట్ట చూపించాడట. వానాకాలం రేగడిలో నడిస్తే గొర్రె గిట్టల నడుమ మట్టి ఇరుక్కుని, ఎండి, రాయిలాగ గట్టిపడి కుంటిదవుతుంది. అందుకే కాపరులు వానలకు మందను ఎర్రనేలల వైపు తోలుకుపోతారు, రేగడి దాటక తప్పనప్పుడు ఆగి ఆగి, కర్రపుల్లతో గిట్టలు గోకి, సందులో చిటికెన వేలు పెట్టి చూసి మళ్లీ నడిపిస్తారు. ఆయన తండ్రి కూడా అదే చేశాడు, తాత కూడా. బీరన్న గిట్ట సందులో వేలు దూర్చి బిడ్డతో అన్న మాట ఇది.

"గిట్ట ఎంత ఎడల్పున్నదని సూడకు బిడ్డా. గిట్ట సందుల ఏలు దూరుతదా లేదా, గది సూడు."

తర్వాత ఏం చేయాలో ఆయన చెప్పలేదట. నా పాత టైర్లు వాకిట్లో పెట్టి, చెంచాలు పక్కన పెట్టి, గొర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయాడట. సింధుజే కూర్చుని మార్చుకుంది. బురదరేకులు ఊడదీసింది. కర్రపుల్ల హ్యాండిలుకు కట్టుకుంది. రేగడిలో బండిబాట వదిలేసి, గొర్రెలు నడిచినట్టు గట్టు మీది గడ్డి పట్టుకుని వచ్చింది. మూడుచోట్ల ఆగి గోకింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు గానీ, తొక్కక తప్పనివాళ్లు కడుక్కునే తావు ముందే చూసుకోవాలి కదా కాకా అంది.

బీరన్న దొడ్డి వెనకనుంచి గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని వచ్చాడు. నన్ను చూసి ఏమాత్రం తొట్రుపడలేదు. కల్వర్టు మీద నేను ఏడుస్తుంటే అంతా తెలిసి కూర్చున్నావు కదా, ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాలేవా అని అడిగాను. నలుగురి ముందూ నాలుగుసార్లు నాతో రెండుంబావు అనిపించావు కదా అన్నాను. ఆయన నవ్వాడు. నలభై ఏండ్లసంది పుక్కట గాలికి నువ్వు నన్ను నలుగుర్ల అంటలేవా, ఒక్క దినం నా వంతు అన్నాడు. అయినా పంతం చావక, ఒట్టు ఒట్టే, రెండుంబావు మీద రాలేదు కాబట్టి బోర్డు దించుతాను, నిజం అందరికీ చెప్తాను అన్నాను.

బీరన్న గొర్రెపిల్లను కింద దించాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"దించకు అంజిలయ్య. పేరు నీ దగ్గర్నే ఉండనీ, నాకెందుకది, మందకు మేపాల్నా. నీ బోర్డు దిగితే నాకు గాలెవరు కొడ్తరు?"

చూడండి, ఆ మనిషి నన్ను నలభై ఏళ్లు ఏడిపించాడు. ఒక్క మాటతో నోరు మూయించాడు. నేను ముఖం తిప్పుకుని పొట్టేలును చూస్తున్నట్టు నటించాను. గోడ మీద సంచి కప్పిన టైరు ఎందుకు దాచావని కాసేపటికి అడిగాను. ఎండకాలం రానీ, నేల గట్టిపడ్డంక అనంతగిరి దిక్కు గుట్టలల్ల నీ టైరే మంచిది, అప్పుడు ఎక్కిద్దాం అన్నాడు. తలుపుదో అని అడిగాను. అది పొట్టేలును అడుగు అన్నాడు.

బోర్డు దించలేదు. సింధుజకు పని దొరికింది. ఇప్పుడు ప్రతి శనివారం ఆమె వెనక పది పన్నెండు మంది పట్నంవాళ్లు వస్తారు, మందలో గొర్రెలు ఎప్పుడు లెక్కపెట్టినా సరిగానే ఉంటున్నాయట. వాళ్లంతా ముందు నా దుకాణం దగ్గర ఆగాలని ఆమె రూలు పెట్టింది. ఖరీదైన సైకిళ్లు దించి, ఎంత వెడల్పు టైరు వేయాలి అంకుల్ అని అడుగుతారు. ఒంటె గురించి నేను మాట్లాడను. ఏ కార్తె నడుస్తోంది, ఏ నేల మీద పోతారు అని అడిగి, వంగి, ఫోర్కు సందులో చిటికెన వేలు పెట్టి చూస్తాను.

అక్కడేం వెతుకుతున్నారు అంకుల్ అంటారు వాళ్లు. బీరన్న గాలి కొట్టించుకుంటూ పక్కనే నిలబడి ఉంటాడు, నేనేం చెప్తానో వినడానికి.

పిడుదులు అంటాను.